రెక్కలొచ్చీ రానివి

కిందటేడు వరద మా లంక మీదికెక్కినప్పుడు
కోళ్ళగూడు తలుపు తీసే వ్యవధి దొరకలేదు.
పదకొండు పెట్టలు, ఒక పుంజు.
నీళ్ళు తీశాక ఒండ్రులో కూరుకుపోయి కనిపించింది గూడు,
గడియ వేసింది వేసినట్టే.

ఏడాదిగా గుడ్లు కొనుక్కు తింటున్నాం.
బియ్యం చెరిగి నూకలు అలవాటుగా పెరట్లోకి విసిరితే
పిచ్చికలొచ్చేవి,
అవీ మొహమాటంగానే.

మళ్ళీ మొదలెడదాం అన్నాను.
ఏ ఈడువి తేవాలనేసరికి
ఊళ్ళో అందరూ పెద్దమనుషులే.

సువార్తమ్మ గుడ్లు పొదిగించుకోమంది.
"నా పెట్ట పొదుగు మీదుంది, ఎరువిస్తాను.
పదమూడు గుడ్లు, ఇరవై ఒక్క రోజులు.
దాని కింద పుట్టినవి దాని మాటే వింటాయి."
పెట్టని తిరిగిచ్చేశాక
ఎవరి మాట వింటాయో చెప్పలేదు.

రేవులో ఏసుపాదం ఒక్కరోజు పిల్లలన్నాడు.
సంతలో గులాబీ, పచ్చ, నీలం రంగులద్ది
అట్టపెట్టెలో అమ్ముతారు, పది వందకి.
గుప్పెట్లో పట్టుకుంటే
దాని గుండె మొత్తం మన చేతికి తెలుస్తుంది.
వాటికి రాత్రంతా బల్బు వెలగాలి.
గాలేస్తే మా లంకలో కరెంటు పోతుంది,
ఆ గాలికే అవీ పోతాయి.
రంగు వెలిసేదాకా బతికిన రెండో మూడో
పుంజులౌతాయి.

మా ఆయన గుడ్లు పెట్టే పెట్టలే తెద్దామన్నాడు.
మర్నాడే గుడ్డు, నిజమే.
కొన్న పెట్టల్ని చూశాన్నేను.
కాలికి తాడేసి మూడు రోజులుంచినా
విప్పగానే పాత పెరటి వైపే మెడ చాపుతాయి.
వయసెంతో అమ్మేవాడు చెప్పడు.
కాలి పొలుసులు చూసుకోవాలి,
వెనక ఎముకల మధ్య రెండు వేళ్ళు పడతాయో లేదో చూసుకోవాలి.
ఎందుకమ్ముతున్నావంటే మాత్రం
గోదారి వైపు చూస్తాడు.

కెజియా ఏమీ అనలేదు.
మా ఆడపడుచు కూతురు.
వాళ్ళమ్మ పోయాక పడవ మీద మా రేవులో దిగినప్పుడు
ఎనిమిదేళ్ళు దానికి.
అప్పుడూ ఇలాగే చెప్పారంతా.
చంటిదైతే మరిగేదన్నారు.
ఇంకాస్త పెద్దదైతే పనికి అందొచ్చేదన్నారు.
ఎనిమిదంటే ఎటూ కాని ఈడన్నారు,
అన్నీ గుర్తుంటాయి, ఏదీ చెప్పుకోలేదు అని.
బడిసంచిలో వాళ్ళమ్మ దువ్వెన తెచ్చుకుంది.
దానితో ఒక్కసారీ తల దువ్వుకోలేదు.

సంతలో ఓ మూల
రెండు నెలల పిల్లల గంప.
ఎవరూ ఆగడం లేదక్కడ.
నూగు రాలింది, ఈకలు నిండలేదు.
బోసి మెడలు, మరీ పొడుగు కాళ్ళు.
కియ్యికియ్యిమనడం మానేశాయి,
కొక్కొక్కో ఇంకా పట్టుబడలేదు.
కొక్కెర తెగులు చుక్కలేశారా అంటే
రెండుసార్లన్నాడు.
చలికి ఓర్చుకుంటాయన్నాడు.
ఏది పెట్టో ఏది పుంజో తోకని బట్టి చెప్పొచ్చన్నాడు,
తనకే నమ్మకం లేకుండా.
తొమ్మిది కొన్నాను.
పంటు దాటేదాకా గంప ఒళ్ళోంచి దించలేదు కెజియా.

మొదటి వారం సందె పడితే
ఎక్కడివక్కడ నిలబడిపోయేవి,
అరటి బోదె కింద ఒకటి, బోరింగు దగ్గర రెండు,
ఇల్లు ఎటో తెలియనట్టు.
ఒక్కొక్కదాన్నీ చంకలో పెట్టుకొచ్చి
గూట్లో దించేది.
నేను గడియ వెయ్యబోతే
"వద్దత్తా, నీళ్ళొస్తే?" అంది.
ముంగిస సంగతి చెప్పాను.
చాలాసేపు ఆలోచించింది.
గడియకి నైలాను తాడు కట్టి
కిటికీలోంచి లాక్కొచ్చి
రెండో కొస తన మంచం కోడుకి ముడేసుకుంది.
లాగితే తలుపు తెరుచుకుంటుందో లేదో
రోజూ పడుకోబోయే ముందు లాగి చూసేది.

ఆ ఏడు నీళ్ళు గట్టు దాకా వచ్చి వెళ్ళిపోయాయి.
తొమ్మిదిలో నాలుగు పుంజులు,
ఒకదాన్ని పిల్లి పట్టుకుపోయింది.

డిసెంబరు మొదట్లో బియ్యం కొలుస్తుంటే
డబ్బా అడుగున చేతికి గుండ్రంగా తగిలింది,
పెద్ద ఉసిరికాయంత,
పైన సన్నటి నెత్తుటి చార.
నాతో చెప్పలేదది.
మళ్ళీ బియ్యంలోనే కప్పెట్టి మూత పెట్టేశాను.

ఆ పూటకి రెండు సోలల బియ్యం
సువార్తమ్మ దగ్గర బదులు తెచ్చుకున్నాను.